మనం వెళ్లినప్పుడే బస్సు ఎందుకు రాదు?

ప్రతి పది నిమిషాలకో బస్సు ఉందంటారు. మనం మాత్రం స్టాప్‌లో నిలబడి రీల్స్ మీద రీల్స్ చూస్తూనే ఉంటాం. బస్సు రాదు. ‘నా టైమే బాలేదు’ అనుకుంటాం. టైమ్ సంగతి పక్కన పెట్టండి. దీని వెనక పక్కా లెక్క ఉంది. అది అర్థమైతే బస్సుల గురించే కాదు, కాలేజీలు చెప్పే నంబర్ల గురించీ, ఇన్‌స్టాలో మన ఫ్రెండ్స్ గురించీ కూడా ఓ క్లారిటీ వస్తుంది.

ఐదా? పదా?

ఓ చిన్న ప్రశ్న. మీ స్టాప్‌కి గంటకు ఆరు బస్సులు వస్తాయి. అంటే సగటున పది నిమిషాలకొకటి. మీరు టైమ్‌టేబుల్ ఏమీ చూడకుండా, ఇంట్లో పనయ్యాక బయల్దేరి స్టాప్‌కి వెళ్లారు. సగటున ఎంతసేపు వెయిట్ చేయాలి?

చాలామంది ‘ఐదు నిమిషాలు’ అంటారు. మా ఆఫీసులో బీటెక్‌లో ప్రాబబిలిటీ పాసైనవాళ్లూ అదే అన్నారు. వాళ్ల లాజిక్ ఇది: ఒక్కోసారి బస్సు వెళ్లిపోయిన మరుక్షణమే వెళ్తాం, అప్పుడు పది నిమిషాలు ఆగాలి. ఒక్కోసారి వెళ్లగానే బస్సు దొరుకుతుంది, అప్పుడు సున్నా. సగటు తీస్తే ఐదు.

బస్సులు గడియారం ముల్లులా సరిగ్గా పదేసి నిమిషాలకు వస్తే ఈ జవాబు కరెక్టే. కానీ మన రోడ్ల మీద సిగ్నళ్లు, వానలు, పెళ్లి ఊరేగింపులు, సడెన్‌గా అడ్డొచ్చే ఆటోలు... వీటన్నిటినీ దాటుకుని ఏ బస్సు ఎప్పుడొస్తుందో డ్రైవర్‌కే తెలియదు. ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, ఎప్పుడు పడితే అప్పుడు వచ్చే బస్సులైతే జవాబు ఐదు కాదు. పది!

అవును. బస్సుకీ బస్సుకీ మధ్య సగటు పది నిమిషాలే. మనం ఎదురుచూసే సగటు కూడా పది నిమిషాలే. దీన్నే ‘వెయిటింగ్ టైమ్ పారడాక్స్’ అంటారు. ‘ఇన్‌స్పెక్షన్ పారడాక్స్’ అని ఇంకో పేరు కూడా ఉంది.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. ఇలాంటి మాట వింటే ఊరికే తలూపడం కంటే కోడ్ రాసి చూసుకోవడం నాకు తేలిక. పైథాన్‌లో ఓ ఇరవై లైన్లు రాశాను. సగటు గ్యాప్ పది నిమిషాలు ఉండేలా పది లక్షల బస్సుల్ని ఎక్కడపడితే అక్కడ పడేశాను. తర్వాత లక్ష మంది ప్రయాణికుల్ని కూడా అలాగే వదిలాను. ఒక్కొక్కరూ ఎంతసేపు ఆగారో సగటు తీస్తే పదికి అటూ ఇటూగా వచ్చింది. ఇంకో నంబర్ కూడా ప్రింట్ చేశాను. ఒక్కో ప్రయాణికుడు వచ్చి పడిన గ్యాప్ పొడవెంత? దాని సగటు దాదాపు ఇరవై. బస్సుల మధ్య ఉన్న అసలు సగటుకు రెట్టింపు! కిటుకంతా ఇక్కడే ఉంది.

అరవై మంది, ఆరు బస్సులు

కోడ్ వద్దనుకుంటే కాగితం మీద చూద్దాం. ఓ గంటలో ఆరు గ్యాపులు ఉన్నాయనుకోండి. నాలుగు గ్యాపులు రెండేసి నిమిషాలు. మిగతా రెండూ ఇరవై ఆరేసి నిమిషాలు. మొత్తం 8 + 52 = 60. ఆరుతో భాగిస్తే సగటు పది. డిపోలో కూర్చున్నవాళ్లు ‘సగటున పది నిమిషాలకో బస్సు’ అని రిజిస్టర్‌లో రాసుకుంటే అందులో అబద్ధం ఏమీ లేదు.

ఇప్పుడు స్టాప్‌కి నిమిషానికొకరు చొప్పున అరవై మంది వచ్చారనుకోండి. చిన్న గ్యాపులు నాలుగున్నా, వాటిలో పడేది ఎనిమిది మందే. మిగతా యాభై రెండు మందీ ఆ రెండు పెద్ద గ్యాపుల్లోనే ఇరుక్కుంటారు.

ఆరింట్లో నాలుగు చిన్నవే కదా, నాకూ చిన్నదే తగిలే ఛాన్స్ ఎక్కువ అని మనసు చెబుతుంది. కానీ మనం గ్యాపుల పేర్లు రాసి చీటీ తీయడం లేదు. గడియారంలో ఏదో ఒక నిమిషంలో వెళ్లి పడుతున్నాం. పెద్ద గ్యాప్‌లో నిమిషాలు ఎక్కువ. కాబట్టి అందులో పడే మనుషులూ ఎక్కువే. కళ్లు మూసుకుని గులకరాయి విసిరితే, అది చెంబులో కంటే పక్కనున్న గంగాళంలో పడే అవకాశమే ఎక్కువ కదా. ఇదీ అంతే.

ఇప్పుడు ఆ అరవై మందినీ ‘నువ్వు పడిన గ్యాప్ ఎంత?’ అని అడిగి సగటు తీయండి. ఎనిమిది మంది రెండు అంటారు, యాభై రెండు మంది ఇరవై ఆరు అంటారు. సగటు 22.8 నిమిషాలు. అందులో సగటున సగం సేపు ఆగుతారు కాబట్టి వెయిటింగ్ 11.4 నిమిషాలు. అంటే బస్సుల వైపు నుంచి చూస్తే గ్యాప్ పది. మనుషుల వైపు నుంచి చూస్తే దాదాపు ఇరవై మూడు. రెండూ నిజాలే. తేడా అల్లా ఎవర్ని అడిగాం అన్నదే.

‘ఇంతసేపు ఆగాను, ఇక వచ్చేస్తుంది’

మనకు ఇంకో ధీమా ఉంటుంది. పది నిమిషాలు ఆగాం, ఇక వచ్చేయాలి కదా అని. ఆటో వాడు అడిగినా ‘బస్సొచ్చేస్తుందిలే’ అని పంపించేస్తాం. అసలు కథ లూడోలో చూడండి.

కాయ బయటికి రావాలంటే ఆరు పడాలి. సగటున ఆరుసార్లు వేస్తే ఒకసారి ఆరు పడుతుంది. ఐదుసార్లు వేసినా పడలేదనుకోండి. ఆరోసారి పడే ఛాన్స్ ఏమైనా పెరిగిందా? లేదు. ఇప్పటికీ ఆరింట ఒకటే. పాచికకు జ్ఞాపకశక్తి ఉండదు. మీరు పడిన కష్టం దానికి గుర్తుండదు. ఆరు పడాలంటే ఇక్కణ్నుంచి మళ్లీ సగటున ఆరుసార్లు వేయాల్సిందే.

ఇప్పుడు ఎవరో చాలాసేపటి నుంచి పాచిక వేస్తూనే ఉన్నారు. మీరు మధ్యలో వచ్చి తొంగిచూశారు. తర్వాతి ఆరు పడటానికి సగటున ఆరుసార్లు వేయాలి. వెనక్కి లెక్కపెట్టుకుంటూ వెళ్లినా అంతే, పోయిన ఆరు సగటున ఆరోసారి దగ్గర కనిపిస్తుంది. రెండూ కలిపి చూస్తే, మీరు తొంగిచూసిన క్షణం చుట్టూ ఉన్న గ్యాప్ సగటున పదకొండు. ఆట మొత్తానికి సగటు మాత్రం ఆరే! బస్సుల విషయంలో కాలం ఇలా విడివిడిగా కాకుండా నిరంతరంగా సాగుతుంది కాబట్టి అది సరిగ్గా రెట్టింపవుతుంది. వెనక్కి పది నిమిషాలు, ముందుకి పది నిమిషాలు.

ఇలా జ్ఞాపకం లేకుండా, సగటు రేటు మాత్రం మారకుండా జరిగే రాకల్ని ‘పాయిజాన్ ప్రాసెస్’ అంటారు. ఇంజినీరింగ్ మ్యాథ్స్‌లో మనల్ని ఏడిపించిన పాయిజాన్ డిస్ట్రిబ్యూషన్ గుర్తుందా? అదే కుటుంబం. ఫ్రెంచ్ గణిత శాస్త్రవేత్త సిమియోన్ డెనీ పాయిజాన్ 1837లో వెలువడిన తన పుస్తకంలో దాన్ని ఇచ్చాడు. 1909లో కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేస్తున్న అగ్నర్ ఎర్లాంగ్ ఫోన్ కాల్స్ కూడా ఇదే పద్ధతిలో వస్తాయని చూపించాడు. అక్కణ్నుంచే క్యూల గణితం పెరిగింది. ఇప్పుడు కాల్ సెంటర్‌లో ఎంతమందిని కూర్చోబెట్టాలో, మా సర్వర్లు ఎన్ని పెట్టాలో తేల్చేది ఆ గణితమే. టెలికాం ట్రాఫిక్‌ని కొలిచే యూనిట్ పేరు ఇప్పటికీ ఎర్లాంగే.

రాకపోతే రాదు, వస్తే రెండొస్తాయి

అయితే నిజం బస్సులు అచ్చం పాయిజాన్ చెప్పినట్టే రావు. కొన్ని రూట్లలో అంతకంటే నయం. కొన్ని రూట్లలో అంతకంటే ఘోరం. ఆ ఘోరం ఏంటో మనందరికీ తెలుసు. అరగంట బస్సుండదు. తర్వాత ఒకే నంబర్‌వి రెండు వెనకా ముందూ వస్తాయి. ముందు దాంట్లో ఫుట్‌బోర్డ్ మీద కూడా చోటుండదు. వెనక దాంట్లో కిటికీ సీట్లు ఖాళీ.

ఇది డ్రైవర్లు మాట్లాడుకుని చేసేది కాదు. గోర్డన్ న్యూవెల్, రెన్‌ఫ్రే పాట్స్ అనే ఇద్దరు 1964లోనే దీని లెక్క తేల్చారు. ఓ బస్సు ఏదో సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు లేటయ్యిందనుకోండి. ఆ రెండు నిమిషాల్లో తర్వాతి స్టాప్‌లో జనం పెరుగుతారు. అంతమందీ ఎక్కడానికి, టికెట్లు కొట్టడానికి ఇంకాస్త టైమ్ పడుతుంది. బస్సు ఇంకా లేటవుతుంది. దాని వెనక బస్సుకేమో జనం తక్కువ. స్టాప్‌లో ఆగీ ఆగకుండానే కదులుతుంది. ముందు బస్సు నెమ్మదిస్తూ, వెనక బస్సు ఉరుకుతూ చివరికి రెండూ కలుస్తాయి. ఒకసారి కలిశాక వాటంతట అవి విడిపోవు.

కొత్త బస్సులు కొనకుండానే రెట్టింపు సర్వీస్

ఇక్కడ లెక్క నేరుగా మన జీవితంలోకి వస్తుంది. సూత్రం చిన్నదే. మన సగటు వెయిటింగ్ రెండు విషయాల మీద ఆధారపడుతుంది. ఒకటి, సగటు గ్యాప్‌లో సగం. రెండోది, గ్యాపులు ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నాయి అన్నది. గ్యాపులన్నీ సమానమైతే రెండోది సున్నా, అప్పుడు మన వెయిటింగ్ సగమే. ఎగుడుదిగుడు పెరిగేకొద్దీ వెయిటింగ్ పెరుగుతూ పోతుంది.

గంటకు ఆరు బస్సులున్న రూట్‌లో బస్సులు సరిగ్గా పదేసి నిమిషాలకు వస్తే మన సగటు వెయిటింగ్ ఐదు నిమిషాలు. అవే ఆరు బస్సులు జంటలుగా వస్తే? గ్యాపులు సున్నా, ఇరవై, సున్నా, ఇరవై. కాగితం మీద సగటు గ్యాప్ ఇప్పటికీ పదే. వెయిటింగ్ మాత్రం పది. ఇప్పుడు ఎవరో ‘బస్సులు చాలడం లేదు’ అని బస్సులు రెట్టింపు చేశారనుకోండి. గంటకు పన్నెండు. కానీ జంటలు విడిపోలేదు. అంటే ప్రతి పది నిమిషాలకో జంట. వెయిటింగ్ ఐదు.

మళ్లీ చూడండి. ఉన్న ఆరు బస్సుల్నే విడివిడిగా నడిపినా ఐదే. ఆరు కొత్త బస్సులు కొని జంటలుగా నడిపినా ఐదే. సమానంగా నడపడం అన్నది క్రమశిక్షణ ముచ్చట కాదు, అది బస్సులతో సమానం.

ఆ తేడా ఎవరు భరిస్తున్నారో కూడా చూడాలి. కారున్నవాడికి ఈ లెక్కతో పని లేదు. రాత్రి తొమ్మిదింటికి మాల్‌లో డ్యూటీ దిగి చీకటి స్టాప్‌లో ఒంటరిగా నిలబడే అమ్మాయికి ఐదుకీ పదికీ మధ్య చాలా తేడా ఉంది. పంచింగ్ లేటైతే అరపూట జీతం కోత పడే కుర్రాడికీ ఉంది. ‘పదినిమిషాలకో బస్సుంది కదా, ముందే బయల్దేరొచ్చుగా’ అని సూపర్‌వైజర్ అంటే, వీళ్ల దగ్గర జవాబుండదు. ఇద్దరి దగ్గరా నిజమే ఉంది, కానీ కాగితం ఉన్నది ఒకరి దగ్గరే.

కొన్నిచోట్ల దీన్ని సీరియస్‌గానే తీసుకున్నారు. లండన్‌లో గంటకు ఐదు, అంతకంటే ఎక్కువ బస్సులు తిరిగే రూట్లను ‘ఎక్సెస్ వెయిట్ టైమ్’ అనే కొలతతో చూస్తారు. షెడ్యూల్ ప్రకారం నడిస్తే ప్రయాణికుడు ఎంతసేపు ఆగాల్సింది, నిజంగా ఎంతసేపు ఆగాడు, తేడా ఎంత. రూట్ నడిపే కంపెనీకి వచ్చే బోనస్, పడే కోత ఆ తేడాను బట్టే. అంటే అక్కడ లెక్కలోకి వచ్చేది బస్సు గ్యాప్ కాదు, మనిషి వెయిటింగ్. అమెరికాలో జాన్ బార్తోల్డీ, డొనాల్డ్ ఐసెన్‌స్టీన్ ఇంకో పద్ధతి చెప్పారు. 2012లో అచ్చయిన వాళ్ల పేపర్‌లో టైమ్‌టేబులే ఉండదు. రూట్ చివర బస్సు ఎంతసేపు ఆగాలన్నది, వెనక బస్సు ఎంత దూరంలో ఉందో చూసి నిర్ణయిస్తారు. అలా చేస్తూ పోతే గ్యాపులు వాటంతటవే సర్దుకుంటాయి. అట్లాంటాలోని జార్జియా టెక్ క్యాంపస్ బస్సుల మీద దీన్ని నడిపి చూశారు కూడా.

మెట్రోకి సొంత పట్టాలు, అడ్డం వచ్చేవాళ్లెవరూ లేరు. అందుకే సమానమైన గ్యాపులు దానికి తేలిక. మెట్రో స్టేషన్‌లో అంత చిరాకు రాకపోవడానికి ఏసీ ఒక్కటే కారణం కాదన్నమాట.

గచ్చిబౌలి రోడ్డు మీద ఉన్న పేరు

హైదరాబాద్‌లో ఐటీ జాబ్ చేసేవాళ్లు గచ్చిబౌలిలో ‘ప్రొఫెసర్ సి.ఆర్.రావు రోడ్’ అనే బోర్డు చూసే ఉంటారు. ఆయనే కల్యంపూడి రాధాకృష్ణరావు. తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మ్యాథ్స్ చదివి, ప్రపంచంలోని గొప్ప స్టాటిస్టీషియన్లలో ఒకరైన మనిషి. 2023లో, నూట రెండేళ్ల వయసులో, ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకున్నారు. ఆ ఏడాదే కన్నుమూశారు.

మన బస్సు లెక్కకూ ఆయనకూ నేరుగా సంబంధం ఉంది. పెద్దవాటికే మన చేతికి చిక్కే ఛాన్స్ ఎక్కువైతే లెక్క ఎలా వంకరపోతుంది, దాన్నెలా సరిచేయాలి అన్నదానికి 1965లో ఆయన ఓ పద్ధతి ఇచ్చారు. ‘వెయిటెడ్ డిస్ట్రిబ్యూషన్స్’ అంటారు దాన్ని.

దాన్ని అర్థం చేయించడానికి ఆయన చేసిన పని భలే ఉంటుంది. అబ్బాయిలున్న క్లాస్‌కి వెళ్లి ‘మీ ఇంట్లో మీతో కలిపి అన్నదమ్ములెందరు? అక్కచెల్లెళ్లెందరు?’ అని అడిగేవారు. వాల్తేరు, తిరుపతి, హైదరాబాద్, ఢిల్లీ, కలకత్తా, ఆఖరికి టోక్యో, టెహ్రాన్... ఎక్కడ అడిగినా అన్నదమ్ముల లెక్కే బాగా ఎక్కువ వచ్చేది. అంటే ఊరంతా అబ్బాయిలే ఎక్కువ పుట్టారా? కాదు. ఒక్క అబ్బాయి కూడా లేని ఇల్లు ఆ క్లాసులోకి రాదు. అబ్బాయిలు ఎక్కువున్న ఇల్లు వచ్చే ఛాన్స్ ఎక్కువ. జవాబు చెప్పిన అబ్బాయిని ఒక్కణ్ని తీసేసి లెక్కేస్తే రెండు వైపులా దాదాపు సమానం. పెద్ద గ్యాప్‌లో మనం పడ్డట్టే, అబ్బాయిలెక్కువున్న ఇళ్లు ఆ సర్వేలో పడ్డాయి.

కాలేజీ బ్రోషర్, ఫ్రెండ్స్ లిస్ట్

ఇప్పుడు ఇదే కళ్లద్దం పెట్టుకుని చుట్టూ చూడండి. కౌన్సెలింగ్ టైమ్‌లో ఓ కాలేజీ ‘మా సెక్షన్‌కి సగటున 70 మందే’ అంటుందనుకుందాం. రెండు సెక్షన్లున్నాయి. ఒకదాంట్లో 120 మంది, ఇంకోదాంట్లో 20. సగటు 70 కరెక్టే. కానీ ఆ 140 మంది స్టూడెంట్లనీ ‘నీ క్లాసులో ఎంతమంది?’ అని అడిగి సగటు తీస్తే సుమారు 106 వస్తుంది. ఎందుకంటే 120 అని చెప్పేవాళ్లు 120 మంది ఉన్నారు. ఫీజు కట్టి వెళ్లి కూర్చునేది ఆ 106 సగటులో. బ్రోషర్‌లోని 70లో కాదు.

సోషల్ మీడియాలో ‘నాకంటే నా ఫ్రెండ్స్‌కే ఫ్రెండ్స్ ఎక్కువ’ అనిపిస్తుందా? అదీ ఇదే లెక్క. స్కాట్ ఫెల్డ్ అనే సోషియాలజిస్ట్ 1991లో చూపించాడు. వెయ్యి మంది ఫ్రెండ్స్ ఉన్నవాడు వెయ్యి మంది లిస్టుల్లో ఉంటాడు. ఇద్దరే ఉన్నవాడు రెండు లిస్టుల్లో. కాబట్టి మన లిస్టులో పాపులర్ మనుషులే ఎక్కువ తగులుతారు. మనలో లోపం ఏమీ లేదు.

దీన్ని పనికి కూడా వాడారు. 2009లో ఫ్లూ వచ్చినప్పుడు నికొలస్ క్రిస్టాకిస్, జేమ్స్ ఫౌలర్ హార్వర్డ్‌లో కొందరు స్టూడెంట్స్‌ని ఇష్టమొచ్చినట్టు ఎంచుకుని, వాళ్లు చెప్పిన ఫ్రెండ్స్‌ని కూడా గమనించారు. ఫ్రెండ్స్ గుంపులో ఫ్లూ సుమారు రెండు వారాల ముందే కనిపించింది. ఎక్కువమందితో తిరిగేవాళ్లకు ముందే అంటుకుంటుంది కదా. వ్యాధి ఎటు పోతోందో ముందే పసిగట్టడానికి ఇదో దారి.

మీ స్టాప్‌లో మీరే లెక్కేయండి

ఓ మాట చెప్పాలి. మనం రాండమ్‌గా వెళ్తేనే ఈ పారడాక్స్ పనిచేస్తుంది. ఊరికి రోజుకు రెండే ట్రిప్పులుంటే ఎవరూ ఊరికే వెళ్లి నిలబడరు. టైమ్ కనుక్కునే వెళ్తారు. లైవ్ ట్రాకింగ్‌లో బస్సు ఎక్కడుందో చూసి ఇంట్లోంచి బయల్దేరినా అంతే. ట్రాకింగ్ సరిగ్గా పనిచేసే రూట్ అయితే అది వాడటమే మన చేతిలో ఉన్న మొదటి మందు.

రెండోది, ఫోన్‌లో స్టాప్‌వాచ్. స్టాప్ దగ్గర టీ కొట్టులో ఓ రెండు గంటలు కూర్చోండి. మీ నంబర్ బస్సు వచ్చిన ప్రతిసారీ ‘ల్యాప్’ నొక్కండి. వచ్చిన గ్యాపులన్నీ కూడితే ఒక మొత్తం. ఒక్కో గ్యాప్‌ని దానితోనే గుణించి, అవన్నీ కూడితే ఇంకో మొత్తం. ఈ రెండో మొత్తాన్ని మొదటి మొత్తానికి రెట్టింపుతో భాగించండి. వచ్చేదే మీ స్టాప్‌లో సగటు వెయిటింగ్. అది సగటు గ్యాప్‌లో సగానికి దగ్గరగా ఉంటే మీ రూట్ బంగారం. సగటు గ్యాప్ అంతే ఉంటే బస్సులు పాచికలేసినట్టు వస్తున్నట్టు. అంతకు మించితే జంటలు కట్టేస్తున్నట్టు. ఒక్క రోజు లెక్క చాలదు. నాలుగైదు రోజులు, ఒకే టైమ్‌లో తీస్తే నమ్మకంగా ఉంటుంది.

ఆ కాగితం పట్టుకుని డిపోకి వెళ్లండి. ‘బస్సులు రావట్లేదు సార్’ అంటే ‘పది నిమిషాలకొకటి తిరుగుతోంది కదమ్మా’ అని రిజిస్టర్ చూపిస్తారు. ‘తిరుగుతున్నాయి సార్, కానీ జంటగా తిరుగుతున్నాయి. ఆరు బస్సులున్నా మాకు మూడే ఉన్నట్టుంది. చివరి స్టాప్‌లో రెండోదాన్ని కాసేపు ఆపి పంపించండి’ అని చెప్పి చూడండి. అడుగుతున్నది కొత్త బస్సు కాదు, కొత్త రూట్ కాదు. కాదనడానికి అంత తేలిగ్గా కారణం దొరకదు.